తమ్ముడు ఇంగ్లండ్‌లో పబ్బు తీసుకుంటానంటున్నాడు, స్థలం అమ్మి డబ్బు పంపొచ్చా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి, కొర్లగుంట. మా తమ్ముడు ఇంగ్లండు పోయి 11 ఏళ్లయింది, లెస్టర్‌లో ఉంటాడు, అక్కడ పర్మనెంట్ కూడా వచ్చేసింది, హోటల్ కిచెన్‌లో పని. ఇప్పుడొక పబ్ కంపెనీ వాళ్లు అనుభవం లేకపోయినా పర్వాలేదు, ట్రైనింగ్ మేమే ఇస్తాం, పైన ఉండేదానికి ఇల్లు కూడా ఉంది, తక్కువ పెట్టుబడితో సొంత వ్యాపారం అన్నారంట. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగాలు మానేసి దిగుతామంటున్నారు. నాయన కరకంబాడి రోడ్డులో ఉండే స్థలం అమ్మి 35 లక్షలు పంపిద్దామంటాడు. అమ్మేమో కొండ కింద ఉండేవాళ్లం, బ్రాందీ షాపు పెట్టినారంటే నలుగురూ ఏమనుకుంటారని ఏడుస్తా ఉంది. కంపెనీ సపోర్టు అంటే నిజంగా ఇస్తారా సార్?
– ఒక అక్క, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారి సంగతి. అది మందు అమ్మే వ్యాపారమే, కాదని నేను చెప్పను. కానీ మన వీధి చివర షాపు మాదిరి సీసా కొనుక్కుని పోయే చోటు కాదు, ఆదివారం మధ్యాహ్నం పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకుని భోజనానికి వచ్చే పబ్బులు అక్కడ చాలా ఉంటాయి. వెస్ట్ బ్రామిచ్, స్మెథిక్ వైపు మనదేశం వాళ్లు నడిపే దేశీ పబ్బులకి జనం ముఖ్యంగా తిండి కోసమే పోతారు. ఆమెకి ఇది నిదానంగా చెప్పండి, ఒప్పుకోకపోతే బలవంతపెట్టొద్దు, ఆమె బాధ ఆమెది.

ఇక సపోర్టు. ఇస్తారు, నిజమే. సెల్లార్ (బీరు పీపాలు పెట్టే చల్లటి గది) ఎట్ల చూసుకోవాలో నేర్పిస్తారు, బిజినెస్ డెవలప్‌మెంట్ మేనేజర్ అని ఒకాయన వచ్చి పోతా ఉంటాడు, కొన్నిచోట్ల మొదటి కొన్ని నెలలు అద్దె తగ్గిస్తారు. కాకపోతే ఆ ఖర్చు ఎక్కడ రాబడతారో మీవాడికి తెలియాలి. మదనపల్లె టమాటా మార్కెట్టు మీకు తెలుసు కదా, మండీ ఆయన నారుకి, మందులకి ముందే డబ్బు ఇస్తాడు, పంట కోసినాక ఇంకో మండీకి తీసుకుపోయేదానికి లేదు, ఆయన చెప్పిన కమీషన్‌కే ఆయన దగ్గరికే పోవాల. ఇంగ్లండు పబ్బుల్లో ఇట్లాంటి కట్టుబాటునే టై అంటారు. కంపెనీ బిల్డింగ్ ఇస్తుంది, అద్దె బయటికంటే తక్కువ వేస్తుంది, బదులుగా బీరు ఆ కంపెనీ చెప్పిన చోటే, ఆ కంపెనీ చెప్పిన రేటుకే కొనాల. కట్టే అద్దెని డ్రై రెంట్ అంటారు, బీరు రేటులో కలిసిపోయిన అద్దెని వెట్ రెంట్ అంటారు, కొత్తవాళ్లు మొదటిది చూసి ఎంత చవకో అని సంతకం పెట్టేస్తారు.

లెక్క కోసం అనుకుందాం, 11 గ్యాలన్ల కెగ్ (బీరు పీపా) అంటే 88 పింట్లు, అంటే 88 పెద్ద గ్లాసులు, ఒక్కో కెగ్ మీద బయటి రేటు కంటే 60 పౌండ్లు ఎక్కువ కడుతున్నాడు, వారానికి 10 కెగ్‌లు పోతాయి. ఏడాదికి 31,200 పౌండ్లు. మన డబ్బులో 30 లక్షల పైమాటే, అంటే మీ నాయన అమ్మదలచుకున్న స్థలమంత డబ్బు ప్రతి ఏడాదీ బీరు బిల్లులోనే పోతుంది. ఇది నేను ఊహించి వేసిన లెక్కే, అసలు రేట్లు కంపెనీ ప్రైస్ లిస్టు, బయట హోల్‌సేల్ వాళ్ల లిస్టు రెండూ తెప్పించి పక్కపక్కన పెట్టి వాడే వెయ్యాల. ఆ లెక్క వెయ్యకుండా ఒక్క రూపాయి పంపొద్దు.

తిండి మాత్రం మామూలుగా టైలో ఉండదు, మీవాడికి కిచెన్ తెలుసు కాబట్టి వాడి బలమంతా అక్కడే ఉంది. బీరు మీద మిగలంది నాటుకోడి పులుసు మీద మిగలొచ్చు, అయితే ఆ పబ్బులో కిచెన్ అసలు ఎట్లా ఉంది, ఎగ్జాస్ట్, ఫ్రిజ్‌లు ఎవరి సొత్తు, చెడిపోతే ఎవరు బాగుచెయ్యాల అనేది ముందు అడగాల. పాత టెనెంట్ వదిలిపోయిన బల్లలు, కుర్చీలు, సామాను అన్నిటికీ వెలకట్టి కొనమంటారు, దాన్ని ఫిక్చర్స్ అండ్ ఫిట్టింగ్స్ అంటారు. డిపాజిట్, మొదటి స్టాకు, లాయరు ఫీజు, ఇవన్నీ పోగా చేతిలో కొన్ని నెలల జీతాలకి, కరెంటుకి డబ్బు మిగలాల. 21 ఏళ్లు నిండిన పనివాడికి గంటకి ఇంత తక్కువ కాకుండా ఇవ్వాలని చట్టం ఉంది, 2025 ఏప్రిల్‌లో అది 12.21 పౌండ్లు ఉండింది, ఇప్పటి రేటు చూసుకోవాల. మ్యాచ్‌లు చూపించాలంటే పబ్బులకి వేరే చందా, ఇంట్లో కట్టే మాదిరి కాదు, చాలా ఎక్కువ.

ఇప్పుడు చట్టం ఏం చెప్తుందో వినండి, ఇది మీవాడికి కొండంత అండ. 500, ఆ పైన టై పబ్బులుండే కంపెనీలకి ఇంగ్లండ్, వేల్స్‌లో 2016 జులై నుంచి పబ్స్ కోడ్ అని ఒక చట్టం వర్తిస్తుంది, గ్రీన్ కింగ్, మార్స్‌టన్స్, స్టార్, స్టోన్‌గేట్, పంచ్, అడ్మిరల్ దాని కింద ఉన్నాయి. కొత్తగా వచ్చేవాడు పబ్స్ ఎంట్రీ ట్రైనింగ్ చెయ్యాల, బయటి నిపుణుల సలహా తీసుకుని బిజినెస్ ప్లాన్ రాయాల, అద్దె ఎంతో చెప్పేటప్పుడు కంపెనీ లాభనష్టాల అంచనా కూడా ఇవ్వాల. తర్వాత అద్దె మార్చేటప్పుడు, రెన్యూవల్ అప్పుడు మార్కెట్ రెంట్ ఓన్లీ అని అడిగే హక్కు ఉంది, అంటే టై తీసేసి మామూలు అద్దె కట్టి బీరు ఎక్కడైనా కొనుక్కోవడం. గొడవొస్తే అడ్జుడికేటర్ అని, ఈ కోడ్ కింద తగువులు తీర్చే అధికారి దగ్గరికి పోవచ్చు. అయితే ఏడాది లోపు ఒప్పందాలకి, ఫ్రాంచైజీ రకానికి ఇందులో కొన్ని హక్కులు రావు, కాబట్టి కాగితం మీద టెనెన్సీనా (కొద్దేళ్ల అద్దె), లీజా (ఎక్కువ ఏళ్ల అద్దె), ఫ్రాంచైజీనా (కంపెనీ పద్ధతిలో నడిపేది) అని చూడమనండి. ఫుల్ రిపేరింగ్ లీజు అని ఉంటే పైకప్పు కారినా ఖర్చు వాడిదే. మొదటిసారి పోయేవాడికి అది వద్దనే నేను చెప్తా.

మన దగ్గర 2024 అక్టోబరులో మందు షాపులకి లాటరీ తీసినారు, 2 లక్షలు కట్టి పేరు రాకపోతే అంతే సంగతులు. అక్కడ లాటరీ లేదు, 2003 లైసెన్సింగ్ చట్టం కింద మీవాడు ఒక చిన్న కోర్సు పాసై కౌన్సిల్‌కి 37 పౌండ్లు కట్టి పర్సనల్ లైసెన్సు తీసుకోవాల, పోలీసు రికార్డు సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఇది సులభంగానే అయిపోతుంది.

నాకు భయం వేసేది ఇల్లు విషయం. పైన ఇల్లు ఉచితం మాదిరి కనపడుతుంది గానీ పబ్బు పోయిందంటే ఉద్యోగం, ఇల్లు రెండూ ఒకే రోజు పోతాయి, పిల్లల స్కూలు కూడా అక్కడే ఉంటుంది. అందుకే ఇద్దరూ ఒకేసారి ఉద్యోగం మానొద్దు, మీ మరదల్ని కనీసం మొదటి ఏడాది జీతంలో ఉండమని చెప్పండి. సంతకానికి ముందు ఆ పబ్బులో గడిచిన మూడేళ్లు ఎంత బీరు పోయిందో కాగితం మీద అడగమనండి, ఐదేళ్లలో ఎంతమంది టెనెంట్లు మారినారో అడగమనండి. ఆ పబ్బు వదిలేసిన పాత టెనెంట్ దొరికితే ఒక గంట కూర్చుని మాట్లాడితే కంపెనీ వాళ్లు చెప్పనివన్నీ తెలుస్తాయి. మంగళవారం సాయంత్రం, వానపడే రోజు పోయి ఒక మూల కూర్చుని తలలు లెక్కపెట్టమనండి, శనివారం రాత్రి ఏ పబ్బు అయినా నిండుగానే కనిపిస్తుంది.

డబ్బు పంపేది. నాయన ఒక్కడి పేరుతో 35 లక్షలు ఒకే ఆర్థిక సంవత్సరంలో పంపితే, 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రూలు ప్రకారం 10 లక్షలు దాటిన 25 లక్షల మీద 20 శాతం, అంటే 5 లక్షలు బ్యాంకు టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) కింద అదనంగా పట్టుకుంటుంది. రిటర్న్ వేసి సర్దుకోవచ్చు గానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. నన్నడిగితే స్థలం అమ్మొద్దు ఇప్పుడే. వాడు ఏదైనా పబ్బులో ఆరు నెలలు వారాంతాల్లో పని చేసి, బీరు పైపులు వారం వారం కడగడం, సెల్లార్ 11 నుంచి 13 డిగ్రీల్లో పెట్టడం, తెరిచిన కాస్క్ (పాతకాలం పద్ధతి బీరు పీపా) మూడు రోజుల్లో అమ్మెయ్యడం, ఇవన్నీ చేత్తో చేసినాక మళ్లీ మీకు ఫోన్ చెయ్యమనండి, అప్పటికీ అదే ఉత్సాహం ఉంటే నాయనతో నేనే మాట్లాడతా.

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు. మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీ చేస్తా పబ్బులో పార్ట్‌టైమ్ చేస్తున్నా. మా మేనేజర్ ఇంకో పబ్బు ఖాళీగా ఉంది నువ్వు తీసుకో అంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు నాయనా. స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారం చెయ్యకూడదు, ఇంకొకరి పేరు మీద పెట్టి నువ్వు నడిపినా నీ వీసాకే ముప్పు. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా వస్తే దాంట్లో సొంత వ్యాపారం చెయ్యొచ్చు, కానీ అది కొద్దికాలమే ఉంటుంది, మూడేళ్లు ఐదేళ్లు టెనెన్సీకి సంతకం పెట్టి మధ్యలో ఎట్ల వదిలేస్తావు. ఆ మేనేజర్ దగ్గరే సెల్లార్ పని, స్టాక్ లెక్కలు నేర్చుకో.