పైరసీ సైట్‌లో సినిమా చూస్తే నష్టం నిర్మాతకేనా, మనకీ ఉంటుందా?

మనకీ ఉంటుంది, అదీ నేరుగా ఫోన్‌కి, బ్యాంకు ఖాతాకి. పైరసీ సైట్‌కి టికెట్ డబ్బులు రావు కాబట్టి ప్రకటనల మీదే బతుకుతుంది. పేరున్న కంపెనీలు అలాంటి చోట కనబడటానికి ఇష్టపడవు. ఇక మిగిలేది బెట్టింగ్ యాప్‌లు, దొంగ డౌన్‌లోడ్ బటన్లు.

ఉదాహరణకి, రిలీజ్ రోజు అమలాపురంలో ఒకాయనకి వాట్సాప్‌లో 'హెచ్‌డీ ప్రింట్' అని లింక్ వచ్చిందనుకోండి. నొక్కితే సినిమా రాదు, 'ప్లేయర్ అప్‌డేట్ చేయండి' అని వస్తుంది. దిగిన ఫైల్ పేరు చివర ఎంపీ4 బదులు ఏపీకే అని ఉంటే అది వీడియో కాదు, యాప్. ఇన్‌స్టాల్ కాగానే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. సినిమా ఆడించడానికి మెసేజ్‌లతో పనేంటి? హడావుడిలో 'అలౌ' నొక్కేస్తే ఓటీపీలు అవతలివాడికి చేరిపోతాయి, కొబ్బరి దింపు డబ్బులు పడిన ఖాతా ఖాళీ అయిపోవచ్చు.

చాలామంది పొరపడేది వీపీఎన్ విషయంలో, అంటే మన నెట్ కనెక్షన్‌ని వేరే సర్వర్ మీదుగా మళ్లించే యాప్ ఉంటే భయం లేదనుకోవడంలో. అది మన ఐపీ అడ్రస్‌ని, అంటే నెట్‌లో మన కనెక్షన్ చిరునామాని, సైట్‌కి కనబడకుండా దాస్తుంది గానీ, మనమే చేత్తో ఎక్కించుకున్న యాప్‌ని ఆపలేదు.

ఇంకొకటి, హాల్లో సరదాకి సినిమా రికార్డ్ చేసినా నేరమే. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం 3 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా.