బరువు చక్రాల కాడ కనపడాలె

పోయిన నెల మా నల్గొండ రూముల చేసిన ఐఎల్-76 సరుకు విమానం బొమ్మ ఫోటో వేసినంక మన శీర్షికకు వచ్చిన ప్రశ్నలు చానామట్టుకు పెద్ద సరుకు విమానాల మీదనే ఉన్నయి. ఫైటర్ల మీద అడిగినోళ్ళు ఏమనుకోవద్దు, ఈసారి మొత్తం వీటికే ఇస్తున్న.

*మహబూబ్‌నగర్ నుంచి డిగ్రీ చదివే తమ్ముడు: అన్నా, 2021 ఏప్రిల్‌ల కరోనా టైంల బేగంపేట నుంచి ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను సీ-17ల ఎక్కించి భువనేశ్వర్ తీస్కపోయింది టీవీల చూసిన, గప్పటి నుంచి గా విమానమే చేయాలని పట్టుకుంది. ఇప్పటిదాంక రెండు చిన్న ఫైటర్ కిట్లు చేసిన. మాది రెండు రూముల ఇల్లు. 1/72 కొనాల్నా 1/144 కొనాల్నా?*

తమ్ముడూ, కిట్ చూసేకంటే ముందు టేపు పట్టుకొని ఇల్లు కొలువు. అసలు సీ-17 పొడుగు 53 మీటర్లు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొస దాకా 51.75 మీటర్లు. 1/144ల, అంటే అసలు దాంట్ల 144వ వంతుకు చేస్తే పొడుగు 37 సెంటీమీటర్లు, రెక్కలు 36, అంటే నీ పుస్తకాల అల్మారల ఒక అర ఖాళీ చేస్తే సరిపోతది. అదే 1/72 అయితే 74 సెంటీమీటర్ల పొడుగు, 72 సెంటీమీటర్ల రెక్కలు, బీరువా మీద పెడ్దామన్నా బీరువా లోతే ఒకటిన్నర అడుగు ఉంటది, రెక్క బయటికి వస్తది, ఎవరిదో చెయ్యి తాకి విరుగుతది. పైగా 1/72 సీ-17 అంటే ఎక్కువగా రెజిన్ (అచ్చుల పోసి గట్టిపరిచే ప్లాస్టిక్) కిట్లే, బరువు ఎక్కువ, ధర ఎక్కువ, మూడో బొమ్మకే దానిమీద పడకు. రెవెల్ వాళ్ళది 1/144 సీ-17 ఉంది, అది తీస్కో.

లేదన్నా నాకు చేతినిండ పెద్దగనే కావాలె అంటే 1/72ల సీ-130జే సరుకు విమానం చెయ్యి, రెక్కలు 56 సెంటీమీటర్లు వస్తయి. ఒక్కటి మాత్రం చూస్కో, మన వాయుసేన దగ్గర ఉన్నయి పొడుగు బాడీవి, బాక్సుల వచ్చేది చానాసార్లు పొట్టి బాడీది. అసలు విమానంల తేడా నాలుగున్నర మీటర్లు, 1/72కు వచ్చేసరికి ఆరు సెంటీమీటర్ల మీదనే, బొమ్మ పక్కకు నిలబడ్డోడు ఎవడైనా పట్టేస్తడు. ఇంకో ముచ్చట, ఈ సీ-130జేల తోక భాగాలు మన ఆదిభట్లల తయారయితయి, సాగర్ రోడ్డుకు దగ్గర్నే. నేను గా రోడ్డు మీద పోయినప్పుడల్లా మా పిల్లలకు చెప్త, ప్రపంచంల ఏ మూలకో ఎగిరే విమానం తోక మన ఊరి దిక్కు నుంచి పోయిందని. చెప్పిన ప్రతిసారి నాకే సంతోషమైతది.

ఇగ సీ-17కే వస్తే, ఇది ఫైటర్ లెక్క కాదు. ఫైటర్‌ల వేగం కనపడాలె, దీంట్ల బరువు కనపడాలె. 77 టన్నుల దాకా మోసే విమానం ఇది. రెక్కలు బాడీకి పైన ఉండి, కొసలు కిందికి వాలి ఉంటయి, పైనున్న వెనక్కి వంగిన రెక్క గాల్లో మరీ ఎక్కువ నిలకడ చూపి కంట్రోల్‌కు లొంగదని కావాలనే అట్ల వాలుగా పెడ్తరు. కొత్తోళ్ళు చేసే పెద్ద తప్పు ఇక్కడనే, గ్లూ పెట్టినంక రెక్క కిందికి జారుతుందేమోనని భయపడి పైకి లేపి సాఫుగా అతికిస్తరు, అప్పుడది సీ-17 కాదు, ఇంకేదో విమానం అయితది. గ్లూ పెట్టకముందే రెక్కలు ఊరికె తొడిగి చూడు, కొసల కింద రెండు దిక్కులా ఒకే లెక్కన అగ్గిపెట్టెలు పేర్చి, రెండు కొసలు టేబుల్ నుంచి ఒకే ఎత్తున ఉన్నయా లేదా స్కేలు పెట్టి కొలిచినంకనే గ్లూ పెట్టు. తోక మీద అడ్డరెక్క కూడా అంతే, అది ఇంగ్లీష్ టీ అక్షరం లెక్క ఉంటది కదా, కొంచెం వంకర పోయినా దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనపడ్తది. దానికి నేను దారం వాడ్త. అడ్డరెక్క ఎడమ కొస నుంచి ఎడమ రెక్క కొస దాకా దారం పట్టి ముడేసి, అదే దారాన్ని కుడి దిక్కు పెట్టి చూస్త. ముడి సరిగ్గ కొస మీదికి వచ్చిందా, ఇగ కదిలియ్య. రాలేదా, గ్లూ పచ్చిగ ఉండంగనే సర్ది, రాత్రంతా ముట్టకుండ వదిలేస్త.

*సూర్యాపేట నుంచి ఒక అమ్మ: మా బాబు ఎనిమిదో తరగతి, స్కూల్ సైన్స్ ఫేర్ కోసం థర్మకోల్‌తోటి సరుకు విమానం చేసిండు. మూడు రోజులు కష్టపడ్డడు. ఆఖరుకు స్ప్రే డబ్బా రంగు కొడితే రెక్కలు మొత్తం కరిగి గుంటలు పడ్డయండీ. ఏడ్చిండు. ఇంకా పది రోజుల టైం ఉంది.*

అమ్మా, బాబుకు చెప్పండి, తప్పు ఆయనది కాదు, థర్మకోల్ మీద కొట్టొద్దని డబ్బా మీద చానాసార్లు రాసి ఉండదు. స్ప్రే రంగుల ఉండే సాల్వెంట్ థర్మకోల్‌ను తినేస్తది, చెప్పులకు పెట్టే రబ్బరు గమ్ము కూడా అంతే. తెల్ల ఫెవికాల్ ఒక్కటి ఏం చెయ్యదు. పది రోజులు చానా ఎక్కువ టైం, ఈసారి బాడీ పైపుతోటి చేయించండి. ఇంట్ల బోరు పనికో బాత్‌రూం పనికో మిగిలిన 75 ఎమ్ఎమ్ పీవీసీ పైపు ముక్క ఉంటది కదా, అదే స్కేలు. సీ-17 బాడీ మందం 6.86 మీటర్లు, దాన్ని ఏడున్నర సెంటీమీటర్లకు తెస్తే విమానం మొత్తం పొడుగు 58 సెంటీమీటర్లు, రెక్కలు 56న్నర వస్తయి. ఈ లెక్క బాబుతోటే బోర్డు మీద రాయించండి, జడ్జీలు అడిగేదే అది.

ముక్కు, తోక థర్మకోల్‌తోటి చెక్కి పైపుకు ఎక్కించాలె. వెనక సగం కింది భాగం పైకి ఏటవాలుగా లేవాలె, ఎందుకంటే అక్కడనే తలుపు దిగి ర్యాంపు అయితది, లారీ సక్కగ లోపలికి పోతది. చానామంది పిల్లలు తోకను పెన్సిల్ లెక్క మధ్యలకు చెక్కుతరు, అప్పుడది ప్యాసింజర్ విమానం అయితది. పొట్టకు రెండు దిక్కుల చక్రాల గూళ్ళ ఉబ్బు కోసం సన్న పైపును నిలువుగ సగం కోసి అతికిస్తే చాలు, పైపు కోసుడు మాత్రం పెద్దోళ్ళే చెయ్యాలె. రెక్కల లోపల వెదురు పుల్ల గుచ్చండి, లేకుంటే ఇంజన్ల బరువుకు వంగుతయి. ఫెవికాల్‌ల నీళ్ళు కలిపి న్యూస్ పేపర్ ముక్కలు రెండు మూడు పొరలు అంటించి, ఒక రోజు నీడల ఎండబెట్టి, గోడలకు వేసే నీళ్ళ రంగు స్పాంజితోటి అద్దితే చాలు, బూడిద రంగు ఎక్కడ చూసినా ఒకే తీరుగ వస్తది.

*జడ్చర్ల నుంచి: అన్నా, చేసినంక చక్రాల మీద పెడితే తోక మీద కూలబడుతుంది. మల్ల విప్పాల్నా?*

విప్పుడే మంచిది తమ్ముడూ. ముక్కుల బరువు పెట్టేది బాడీ రెండు సగాలు అతికించక ముందే. అతికించినంక కాక్‌పిట్ వెనక నుంచి సందు చేసి నింపొచ్చు గని పని గలీజ్ అయితది. చాపల వలలకు కట్టే సీసం గుండ్లు సాగర్ దిక్కు, చెరువుల దిక్కు అంగళ్ళల్ల దొరుకుతయి, లేకుంటే సైకిల్ షాపుల బేరింగ్ గోళీలు అడుగు. సీసం ముట్టినంక చేతులు సబ్బుతోటి కడుక్కో, ఇంట్ల చిన్న పిల్లలుంటే గోళీలే వాడు. ఎంత పెట్టాలె అంటే, బాడీని టేపుతోటి కట్టి, రెక్కలు తోక కూడా టేపుతోటే పెట్టి, పెద్ద చక్రాలు వచ్చే చోట కింద పెన్సిల్ అడ్డం పెట్టి, ముక్కు కిందికి వాలే దాకా గుండ్లు వేస్కుంట పో, వాలినంక ఇంకో రెండు ఎక్కువ వెయ్యి. రంగు, గ్లూ, తోక దిక్కు పుట్టీ బరువు తర్వాత కలుస్తది. గుండ్లను ఎంసీల్‌ల పొదిగి పెట్టు, ఊడి లోపల గలగల అంటే ఇగ ఆ చప్పుడు పోదు.

*దేవరకొండ నుంచి: ఎండకాలంల రంగు కొడితే గరుకుగ పొడి పొడి లెక్క వస్తుంది, ఎందుకు?*

రంగు బొట్టు బొమ్మ మీద పడకముందే గాల్లో ఎండిపోతుంది, అందుకే. మన దిక్కు మేల మధ్యాహ్నం రంగు పనే పెట్టుకోవద్దు. పొద్దున ఆరు గంటలకు మొదలుపెట్టి ఎనిమిదింటికి ఆపెయ్యి, యాక్రిలిక్ రంగుల రెండు చుక్కలు రిటార్డర్ (రంగు జల్ది ఎండకుండ ఆపేది) కలుపు, రంగు కొట్టే గన్ను దగ్గరికి తే. వచ్చిన గరుకును 1200 నంబర్ శాండ్ పేపర్ నీళ్ళల్ల తడిపి మెల్లగ రాస్తే పోతది.

ఎండ ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్న. రెండేండ్ల కింద నేను ఒక సీ-130 బొమ్మ మా అక్క కొడుక్కు ఇద్దామని కారు వెనక సీట్ల పెట్టి, గడియారం స్తంభం కాడ కారు ఆపి సామాన్ల కోసం పోయి గంటన్నర తర్వాత వచ్చిన. అద్దాలు మూసున్నయి. ఒక రెక్క కొస అద్దం దిక్కు ఎండల ఉండె, అది మెత్తబడి చేప తోక లెక్క మెలి తిరిగింది. నాలుగు నెలల పని. రంగు వేయని రెక్క అయితే వేడి నీళ్ళల్ల ముంచి చేత్తో సర్ది చల్ల నీళ్ళల్ల పెడితే సక్కగయ్యేది, నాది రంగు, డెకాల్స్ (నీళ్ళల్ల తడిపి అతికించే గుర్తులు) అన్నీ అయినంక జరిగింది, రెక్క మొత్తం తీసి మల్ల చెయ్యాల్సి వచ్చింది. త్రీడీ ప్రింట్‌ల పీఎల్ఏ ప్లాస్టిక్‌తోటి చేసేటోళ్ళు ఇంకా జాగ్రత్త, అది 60 డిగ్రీల కాడనే మెత్తబడ్తది. రేకుల రూంల కూడ పెట్టకున్రి.

*వనపర్తి నుంచి: కిట్‌ల అమెరికా గుర్తులే వచ్చినయి. మన వాయుసేన గుండ్రని గుర్తు ప్రింట్ చేపిస్తే బొమ్మ మీద కాషాయం మురికిగ కనపడుతుంది.*

మామూలు ప్రింటర్‌కు తెలుపు రంగు ఉండదు, అదే కథంతా. పారదర్శకంగ ఉండే డెకాల్ పేపర్ మీద కొట్టిస్తే కింది బూడిద రంగు పైకి కనపడి కాషాయం చచ్చిపోతది. రెండు దారులున్నయి. తెల్ల డెకాల్ పేపర్ మీద లేజర్ ప్రింట్ తీపిచ్చి సరిగ్గ అంచు వెంబడి కత్తిరించు, లేదా ముందు బొమ్మ మీద గుర్తుకంటే వెంట్రుకవాసి చిన్నగ తెల్ల గుండ్రం వేసి దాని మీద పారదర్శక డెకాల్ పెట్టు. బయట కాషాయం, మధ్యల తెలుపు, లోపల ఆకుపచ్చ, ఇది తిరగేసి పెట్టినోళ్ళను చూసిన, జర చూస్కో. గరుకు రంగు మీద డెకాల్ పెడితే కింద గాలి చిక్కి వెండి లెక్క మెరుస్తది, అందుకే ముందు మెరిసే వార్నిష్ కొట్టి, డెకాల్ పెట్టినంక మీద మ్యాట్ కొట్టాలె.

*షాద్‌నగర్ నుంచి: 2016 మేల శంషాబాద్‌కు ఏఎన్-225 మ్రియా వచ్చినప్పుడు నేను ఇంటర్. నాయినతోటి పోయి రోడ్డు మీద నిలబడి చూసిన. గిప్పుడు నాయిన లేడు. గా విమానం చేద్దామనుకుంటున్న. చక్రాలు మడిచి స్టాండు మీద ఎగిరేటట్టు పెట్టాల్నా, నేల మీద నిలబెట్టాల్నా?*

నేల మీద నిలబెట్టు తమ్ముడూ. మీ నాయినతోటి చూసిన విమానం చక్రాల మీద వచ్చి ఆగిన విమానం.

ఆస్ట్రేలియాల పెర్త్‌కు జనరేటర్ మోస్కపోతూ మధ్యల మన దగ్గర ఆగింది అది. 1988 డిసెంబర్ 21న మొదటిసారి ఎగిరింది, సోవియట్ వాళ్ళు బురాన్ అంతరిక్ష నౌకను వీపు మీద మోయనీకి ఏఎన్-124 సరుకు విమానాన్ని పొడుగు చేసి, ఆరు ఇంజన్లు పెట్టి, తోకను రెండు చేసి కట్టిండ్రు. తోక రెండెందుకంటే వీపు మీద నౌక ఉంటే మధ్య తోకకు గాలి సరిగ్గ తగలదు. ఎగిరింది అదొక్కటే. 2022ల ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రోజుల్ల అక్కడి హోస్టోమెల్ ఎయిర్‌పోర్ట్‌ల ధ్వంసమైంది. గా వార్త చదివిన రోజు నేను పని బల్ల కాడ కూసొని ఏం చెయ్యలేకపోయిన.

రెవెల్ వాళ్ళది 1/144ల దొరుకుతది, రెక్కలు 61 సెంటీమీటర్లు, పొడుగు 58. ముందుగాల స్థలం చూస్కో. ఆ పొడుగు బాడీ మీద అతుకు గీత పోగొట్టేదే పెద్ద పని, నల్ల మార్కర్‌తోటి గీత మొత్తం రుద్ది 400, 800, 1200 వరసల తడి పేపర్ పట్టు, ఎక్కడ నలుపు మిగిలితే అక్కడ గుంట ఉన్నట్టు, పుట్టీ పెట్టి మల్ల రుద్దు.

ఇగ చక్రాలు. 32 ఉంటయి, ముందు నాలుగు, ఒక్కో పక్కకు ఏడు జతలు. గరిష్ఠంగ 640 టన్నుల మీద లేచే విమానం, చక్రానికి 20 టన్నులు పంచుకున్నట్టు. అంత బరువు కింద టైరు గుండ్రంగ ఉండదు, కింద చదునుగ ఒత్తుకుంటది. కిట్‌ల వచ్చే చక్రాలు మాత్రం లడ్డు లెక్క గుండ్రంగ ఉంటయి, అట్లనే పెడితే విమానం నేలను తాకీ తాకనట్టు నిలబడ్డట్టు ఉంటది. పైగా 32ల రెండు మూడు గాల్లో తేలుతయి, అది చూస్తే బరువు పోతది. చక్రాలన్నీ అతికించి బాగ ఆరినంక, కిటికీ అద్దం ముక్క మీద 400 పేపర్ పరిచి, విమానాన్ని దానిమీద పెట్టి, వీపు మీద రెండు వేళ్ళు ఆనించి ముందుకూ వెనక్కూ ఒక నాలుగైదు సార్లు జరుపు. ఎత్తి చూడు, ఎక్కడ తెల్లగ గీసుకుందో ఆ చక్రం నేలను తాకింది, ఎక్కడ గీసుకోలేదో అది ఇంకా తేలుతుంది. 32 మీద తెల్ల మచ్చ వచ్చే దాకా ఓపికగ జరుపు, గట్టిగ ఒత్తితే కాళ్ళు విరుగుతయి. తర్వాత ఆ మచ్చలకు నల్ల బూడిద రంగు బ్రష్‌తోటి అద్దు.

అయినంక ఫోటో పంపు. పైనుంచి తియ్యకు, ఫోన్‌ను టేబుల్ అంచు మీద పెట్టి చక్రాల ఎత్తున తియ్యి, మీ నాయినతోటి రోడ్డు మీద నిలబడి చూసినప్పుడు ఎట్ల కనపడ్డదో గట్ల. వచ్చిన నెలల్నే వేస్త.