నగలు కుదవ పెట్టి కోర్సులో చేర్పించాలా?

రేణిగుంట నుంచి ఒక అక్క రాసింది, అబ్బాయి పది పాసయ్యాడంట, ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువు ఆపేశాడంట, తిరుపతిలో ఒక ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల టెక్నీషియన్ కోర్సుకి 1,80,000 అడుగుతున్నారు, జాబ్ గ్యారంటీ అంటున్నారు, నగలు కుదవ పెట్టమంటారా అని. చీటీ ఎత్తితే 60,000 వస్తుందని కూడా రాసింది.

వద్దక్కా. రూపాయి వడ్డీకే తెచ్చినా నెలకి 1,800, ఏడాదికి 21,600 వడ్డీకే పోతాది, అసలు అట్టే ఉంటాది. రెండు రూపాయల వడ్డీ అయితే 43,200. అంత పోసి తెచ్చుకున్న సర్టిఫికెట్ కంపెనీ గేటు దగ్గర చెల్లాలి కదా, అది ఎవరిస్తారో ముందు అడగండి. ఎన్‌సీవీఈటీ (వృత్తి శిక్షణ కోర్సుల్ని చూసే కేంద్ర సంస్థ) గుర్తింపున్న సర్టిఫికెట్ కాకుండా వాళ్ల సొంతదైతే అప్పు చేసి కట్టొద్దు.

పది పాసైన పిల్లోడికి గవర్నమెంట్ ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, ఫ్రిజ్ ఏసీ మెకానిక్, ఇవన్నీ రెండేళ్ల ట్రేడ్లు, ఫీజు ప్రైవేట్ కోర్సుతో పోలిస్తే చాలా తక్కువ. మన పక్కనే శ్రీసిటీలో డైకిన్ ఏసీలు తయారుచేస్తోంది, కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల కంపెనీ ఉంది, ఇలాంటి చోట్ల మిషన్ మీద చెయ్యి తిరిగినోడికే విలువ, క్లాసులో కూర్చుని నోట్స్ రాసుకుంటే ఆ చెయ్యి రాదు.

అందుకే ఐటీఐ అవగానే అప్రెంటిస్‌షిప్, అంటే కంపెనీలోనే పని చేస్తూ నేర్చుకునేది, కచ్చితంగా చేయించండి, ఇది చాలామంది వదిలేస్తున్నారు, నాకు నిజంగా బాధేస్తుంది. 1961 నుంచీ చట్టం ఉంది, 2019లో మార్చిన రూల్స్‌లో ఐటీఐ పాసైనోళ్లకి నెలకి కనీసం 7,000 స్టైపెండ్ ఇవ్వాలని పెట్టారు, అందులో 25 శాతం, 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుందన్నారు. అంటే మీరు ఎదురు డబ్బు కట్టి నేర్పించే బదులు వాడే డబ్బు తీసుకుంటూ నేర్చుకుంటాడు.

చీటీ ఎత్తితే 60,000 వస్తుందన్నారు కదా, అందులో 20,000 రెండేళ్ల బస్సు ఖర్చుకి, టూల్స్‌కి, బూట్లకి పక్కన పెట్టండి, మిగతా 40,000 బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసేయండి, ఇంట్లో ఉంటే ఖర్చైపోతాది. ఇంకా డబ్బు తక్కువైతే నగల దాకా పోకుండా స్కిల్ లోన్ (పని నేర్పే కోర్సులకిచ్చే లోన్) గురించి బ్యాంకులో అడగండి, 2024లో దాని లిమిట్ లక్షన్నర నుంచి ఏడున్నర లక్షలకి పెంచారు, కాకపోతే గుర్తింపున్న కోర్సుకే ఇస్తారు.

ఆ ఇన్‌స్టిట్యూట్‌కి అడ్వాన్స్ ఏమైనా కట్టేసుంటే రసీదు, గ్యారంటీ అని రాసిచ్చిన పేపరు రెండూ దాచుకుని, రీఫండ్ ఇస్తారా లేదా అని రేపే రాతపూర్వకంగా అడగండక్కా.