‘మా మావయ్య ఫాసిస్టా?’ – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి విశాఖలో డిగ్రీ చదువుతున్నాడు. పండగకి ఇంటికొచ్చినప్పుడు, భోజనాల దగ్గర ఫోన్ పక్కన పెట్టమన్నందుకు వాళ్ళ మావయ్యని ఫాసిస్టు అన్నాడు. అది తిట్టని ఆయనకి అర్థమైంది గానీ ఏం తిట్టో అర్థం కాలేదు. నాకూ కాలేదు. నియంత అంటే సరిపోదా? – ఒక మాస్టారు, పర్లాకిమిడి

ముందు మీ బావమరిదిగారిని ఊరడించండి మాస్టారూ. ఆయన ఫాసిస్టు కాదు, మహా అయితే చండశాసనుడు, అలాంటివాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

ఈ మాట ఇటలీది. అక్కడి భాషలో ఫాషో అంటే మోపు, కట్ట. పాత రోమ్‌లో పెద్ద అధికారి నడుస్తుంటే ముందు బంట్రోతులు కర్రల మోపులో గొడ్డలి దోపి భుజాన పెట్టుకుని వెళ్ళేవారట, కొట్టే హక్కూ తల తీసే హక్కూ మావేనని చూపించడానికి. మనం చిన్నప్పుడు చదివిన కట్టెల మోపు కథలో ముసలి తండ్రి కొడుకులకి కలిసుండమని చెప్తాడు, కానీ ఆ మోపులో గొడ్డలి ఉండదు. 1919 మార్చి 23న మిలాన్‌లో, తర్వాత ఇటలీ నియంత అయిన ముస్సోలినీ తన దళానికి ఈ మోపు పేరే పెట్టుకున్నాడు. అంతకుముందు ఆయన సోషలిస్టు పత్రిక సంపాదకుడు, ఇంకా ముందు బడిపంతులు (ఏమనుకోకండి మాస్టారూ).

నియంత అంటే సరిపోదు. మామూలు సైనిక నియంతకి మీరు తలుపేసుకుని ఇంట్లో కూర్చుని, పన్ను కట్టి, నోరు మూసుకుంటే చాలు. ఫాసిస్టుకి అది చాలదు. మీరు వీధిలోకి రావాలి, నల్లచొక్కా తొడగాలి, జై కొట్టాలి, మీ ఎనిమిదేళ్ళ పిల్లాడు కూడా యూనిఫాం వేసుకుని కవాతు చేయాలి. మన జాతి ఒకప్పుడు గొప్పగా వెలిగింది, లోపలున్న శత్రువులు దాన్ని పాడుచేశారు, ఒక్క నాయకుడు మళ్ళీ నిలబెడతాడు, అందుకోసం ఎవణ్ణయినా చావగొడితే అది నేరం కాదు సరికదా పౌరుషం. ఇదీ వాళ్ళ వరస. అన్నీ రాజ్యం లోపలే ఉండాలి, రాజ్యానికి బయట గానీ ఎదురుగా గానీ ఏదీ ఉండకూడదని 1925లో ముస్సోలినీయే చెప్పాడు.

ఒక్క సంగతి చెప్తే మీకు బాగా పడుతుంది. ఉత్తర ఇటలీలో పో నది మైదానంలో వ్యవసాయ కూలీల సంఘాలు గట్టిగా ఉండేవి, కూలి రేట్లు వాళ్ళే తేల్చేవారు. అది భరించలేని భూస్వాములు 1920 చివరి నుంచి నల్లచొక్కాలకి, అంటే ముస్సోలినీ దళం వాళ్ళకి, డబ్బులిచ్చారు. వీళ్ళు రాత్రిపూట లారీల్లో దిగి సంఘం ఆఫీసు తగలబెట్టి, నాయకుణ్ణి పట్టుకుని ఆముదం తాగించేవారు. మనకి ఆముదం అంటే అమ్మమ్మ చెంచాతో పట్టే మందు, తలుచుకుంటే నవ్వొస్తుంది. వాళ్ళకి కావలసిందీ ఆ నవ్వే. నిన్నటిదాకా ఊళ్ళో తలెత్తుకు తిరిగిన మనిషి పదిమంది ముందు బట్టలు పాడుచేసుకుంటే, రేపు ఆయన మీటింగు పెడితే ఎవరొస్తారు?

ప్రశ్న: ఈ ఫాసిస్టులు ఓట్లతోనే కదా గెలిచారు? జనం కోరుకుంటే తప్పేముంది? – ఒక వ్యాపారి, గుణుపురం

లెక్కలు చూడండి. 1919 ఎన్నికల్లో ముస్సోలినీ దళానికి ఒక్క సీటు కూడా రాలేదు. 1921లో వేరేవాళ్ళతో పొత్తు కట్టి నిలబడితే 35 వచ్చాయి, అంతే. 1922 అక్టోబరులో నల్లచొక్కాలు రోమ్ మీదికి బయల్దేరినప్పుడు, సైన్యాన్ని దించడానికి ప్రధాని కాగితం సిద్ధం చేసి తీసుకెళ్తే రాజు విక్టర్ ఇమాన్యుయెల్ సంతకం పెట్టలేదు, పైగా ముస్సోలినీనే పిలిచి ప్రధానిని చేశాడు. ఇంతా చేసి ఆ దండయాత్ర నాయకుడు మిలాన్ నుంచి రాత్రి రైల్లో పడుకుని వచ్చాడు! ఆ తర్వాత, నాలుగోవంతు ఓట్లు దాటి మొదట నిలిచిన పార్టీ జాబితాకి మూడింట రెండువంతుల సీట్లు ఇచ్చే చట్టం 1923లో చేశారు. 1924 ఎన్నికల్లో కొట్టి బెదిరించి ఓట్లు వేయించుకున్నారని పార్లమెంటులో లేచి చెప్పిన మత్తెయోత్తి అనే సోషలిస్టు సభ్యుణ్ణి పదిరోజులు తిరిగేసరికి ఎత్తుకుపోయి చంపేశారు. 1926 చివరికి ఇతర పార్టీలన్నీ రద్దు.

జర్మనీలోనూ అంతే, 1932 నవంబరు ఎన్నికల్లో హిట్లర్ పార్టీ నాజీలకి వచ్చిన ఓట్లు 33 శాతం, అదీ జులై కంటే తక్కువ. మూడు నెలలు నిండకుండానే 1933 జనవరి 30న హిట్లర్‌ని ఛాన్సలర్‌ని (అక్కడ ప్రధాని లాంటి పదవి) చేసింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్. ఇతన్ని మేం అదుపులో పెట్టుకుంటాంలే అనుకున్న పెద్దమనుషులు చుట్టూ ఉన్నారు. ఓట్లు రాలేదని నేననను, చాలానే వచ్చాయి. కానీ తలుపు గడియ తీసింది మాత్రం వీళ్ళే.

ప్రశ్న: మన దేశంలో ఫలానా పార్టీ ఫాసిస్టు పార్టీయేనా? సూటిగా చెప్పండి. – రాయగడ

పార్టీ పేరు నేనే తీసేశాను. ఇదే ప్రశ్న ఇంకో పార్టీ పేరుతో కూడా వచ్చింది మరి. ముద్ర నన్ను వేయమంటే వేయను, చూడాల్సినవి చెప్తాను. వాళ్ళ మనుషులు ఎవర్నయినా కొడితే కేసు కడుతున్నారా, కోర్టు వాళ్ళకి వ్యతిరేకంగా తీర్పిస్తే అమలవుతోందా, ఓడిపోతే కుర్చీ దిగుతున్నారా, అని చూడండి. మీ పార్టీ విషయంలో కూడా చూడండి.

ప్రశ్న: మా తెలుగు సంఘం తరఫున కరపత్రం వేస్తున్నాం. ఇక్కడ ఒడిశాలో తెలుగు బడుల్లో పంతుళ్ళని వేయకపోవడం భాషా ఫాసిజం అని రాశాం. కొందరు ఆ మాట వద్దంటున్నారు. – ఒక కార్యకర్త, బరంపురం

నాదీ వద్దనే ఓటు. అలాగని నాకు కడుపుమంట లేదనుకోకండి. నేను అక్షరాలు దిద్దుకున్న తెలుగు బడిలో పంతులుగారు రిటైరయ్యాక ఆ పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీగానే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు ఒడిశాలో, పాతపట్నం అటు మద్రాసు వైపు అయ్యాయి, ఆ రోజు గీసిన గీత మీదే మనం ఇప్పటికీ పిల్లనిచ్చి పుచ్చుకుంటున్నాం.

కానీ సరిహద్దు భాష మీద అసలు ఫాసిజం ఎలా ఉంటుందో చూడండి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆస్ట్రియా నుంచి దక్షిణ టిరోల్ అనే కొండసీమ ఇటలీకి వచ్చింది. అక్కడ ఎక్కువమందిది జర్మన్ భాష. 1923లో ఊళ్ళ పేర్లన్నీ ఇటాలియన్‌లోకి మార్చేశారు, వాటిలో చాలా పేర్లు తొలోమెయీ అనే ఆయన తన బల్ల దగ్గర కూర్చుని పుట్టించినవే. బడుల్లో జర్మన్ తరగతి తర్వాత తరగతి తీసేశారు, పంతుళ్ళని ఇంటికి పంపారు. కొత్త సమాధిరాళ్ళ మీద కూడా జర్మన్‌లో రాయకూడదన్నారు. రైతుల ఇళ్ళలో, పశువుల కొట్టాల్లో చాటుగా చదువు చెప్పిన ఆడపిల్లల్ని పోలీసులు పట్టుకెళ్ళారు. చివరికి 1939లో హిట్లరూ ముస్సోలినీ కూడబలుక్కుని, మీ భాష కావాలా అయితే జర్మనీ వెళ్ళండి, ఊరు కావాలా అయితే ఇటాలియన్లు అయిపోండి, తేల్చుకోండి అన్నారు. తమ జాతి కోసమే పుట్టానన్న హిట్లర్ ఆ జర్మన్ల ఊళ్ళని అలా వదిలేసుకున్నాడు!

మన దగ్గర మీరు కరపత్రం వేసి, కలెక్టరాఫీసు ముందు టెంటు వేసి, సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం తింటారు. మీ ఇంట్లో తెలుగు ట్యూషన్ చెప్పినందుకు ఎవరూ తీసుకుపోరు. మనది నిర్లక్ష్యం, దానికి ఆ పేరే పెట్టి నిలదీయండి. ఫాసిజం అంటే ఆఫీసరు నవ్వి కాగితం పక్కన పడేస్తాడు. ‘రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350-ఎ అధికరణం ప్రకారం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పడానికి తగిన వసతులు కల్పించాలి, మా బడిలో ఎన్ని పోస్టులు ఖాళీ, ఎప్పటి నుంచి?’ అని రాస్తే ఏదో ఒక జవాబు రాయక తప్పదు. 350-బి కింద భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేక అధికారి కూడా ఉంటారు, ఆయనకీ ఒక ప్రతి పంపండి. కరపత్రం ఇంకా ప్రెస్సుకి వెళ్ళకపోతే ఆ ఒక్క లైను మార్పించండి, ఖాళీల వివరాలు దొరికాక నాకూ పంపితే ఇక్కడ వేస్తాను.