రెయిల్స్ మావే, సీట్లు వేరే కారువి: చట్టం ఏమంటుంది?

ప్రశ్న: మాది గుంటూరు. నాలుగేళ్ల కిందట చిన్న కారు కొన్నాం, బేస్ మోడల్. ముందు సీట్లు బాగా కిందికి ఉంటాయి, ఎత్తు పెంచుకునే వీలు లేదు. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, ముందు సీట్లోంచి లేచి దిగేసరికి ఆవిడకు ప్రాణం పోయినంత పనవుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన వేరే కంపెనీ పెద్ద కారులోంచి తీసిన రెండు సీట్లు చూపించారు. "మీ రెయిల్స్ (సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలు) కదపం, వాటి మీదే ఈ సీట్లు కూర్చోబెడతాం. ఫ్లోరుకు ఒక్క బొక్క కూడా పెట్టం కాబట్టి ఆర్టీవోతో పని లేదు" అన్నారు. 10 వేలు అడ్వాన్సు ఇచ్చాను. ఇప్పుడు మా స్నేహితుడు "బీమా మొత్తం పోతుంది, జైలు కూడా ఉంది" అంటున్నాడు. ఎవరి మాట నిజం? – ఒక పాఠకుడు

జవాబు: ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉందండి. ఆర్టీవో దగ్గర అనుమతి అక్కర్లేదన్న మెకానిక్ మాట చాలావరకు సరైనదే, కానీ ఆయన చెప్పిన కారణం తప్పు. జైలు శిక్ష చట్టంలో ఉన్న మాట నిజమే, కానీ సీటు మార్చిన ప్రతివారికీ అది పడదు. బీమా కూడా మొత్తం పోదు. అయినా ఆ సీట్లు బిగించుకోవద్దనే చెబుతాను. ఎందుకో చెప్పేముందు చట్టం సంగతి చూద్దాం.

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ఈ విషయానికి మూలం. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని అది చెబుతుంది. అదే సెక్షన్ కింద ఉన్న వివరణ ప్రకారం 'మార్పు' అంటే బండి నిర్మాణంలో జరిగి, దాని మౌలిక లక్షణాన్నే మార్చేసేది. ఇప్పుడు మీ ఆర్సీ తీసి చూడండి. అందులో సీట్ల సంఖ్య ఉంటుంది గానీ సీటు ఏ కంపెనీదో, ఎంత ఎత్తుందో ఉండదు. ముందు రెండు సీట్లు తీసి రెండే పెడితే సీట్ల సంఖ్య మారదు. అందుకే ఈ మార్పుకు ఆర్సీలో సవరణ అక్కర్లేదని నా అభిప్రాయం. ఫ్లోరుకు బొక్క పెట్టారా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు.

కేరళ నుంచి వచ్చిన కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇచ్చిన తీర్పు గురించి మీ స్నేహితుడు వినే ఉంటారు. బండి రూపం మార్చుకోవచ్చన్న కేరళ హైకోర్టు డివిజన్ బెంచి అభిప్రాయాన్ని అందులో పక్కనపెట్టారు. రిజిస్ట్రేషన్ కోసం తయారీదారు ఇచ్చిన వివరాలను మార్చే వీలు యజమానికి లేదన్నారు. ఆ తీర్పు తర్వాత ఏ చిన్న మార్పూ కుదరదని ప్రచారం జరిగింది. తీర్పు దృష్టి మాత్రం ఆర్సీలో నమోదయ్యే వివరాల మీదే ఉంది. ఈ సందర్భంగా ఇంకో సంగతి చెప్పాలి. ఏడు సీట్ల బండ్లలో మధ్య బెంచి తీసేసి రెండు కెప్టెన్ సీట్లు (విడివిడి సీట్లు) వేయించుకోవడం మన దగ్గర బాగా పెరిగింది. అక్కడ ఏడు సీట్లు ఆరవుతాయి, ఆర్సీ తప్పుతుంది. అది నేరుగా 52వ సెక్షన్‌కు విరుద్ధం. మీ పని ఆ కోవలోకి రాదు.

అసలు చిక్కు రెయిల్స్ దగ్గరే మొదలవుతుంది. 'మీ రెయిల్స్ మీవే' అన్న మాట మీకు ధైర్యం ఇచ్చింది, నాకు మాత్రం భయం అక్కడే పుట్టింది. ఒక కంపెనీ సీటు ఫ్రేము బోల్టు రంధ్రాలు ఇంకో కంపెనీ రెయిల్స్ రంధ్రాలకు కలవవు. వెడల్పు తేడా, ముందు వెనక దూరం తేడా. కాబట్టి మధ్యలో ఇనుప పట్టీ కోసి, డ్రిల్లు వేసి, వెల్డింగు పెట్టి కలుపుతారు. ఇప్పటి కార్లలో చాలావాటికి సీటు బెల్టు బకిల్ (బెల్టు కొసను దూర్చి బిగించే భాగం) సీటు ఫ్రేముకో రెయిల్‌కో బిగించి ఉంటుంది. బండి గుద్దుకున్న క్షణంలో మనిషి బరువుకు ఎన్నో రెట్ల లాగుడు బెల్టు మీద పడుతుంది. ఆ లాగుడులో పెద్ద భాగం బకిల్ గుండా సీటు ఫ్రేములోకి, అక్కణ్ణుంచి రెయిల్‌లోకి, చివరికి ఫ్లోరులోకి దిగాలి. తయారీదారు ఆ దారినంతా పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి వాహన పరీక్షా సంస్థల్లో పరీక్ష చేయించి ఆమోదం తెచ్చుకుంటాడు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 126వ నిబంధన అందుకే ఉంది. ఆటోనగర్‌లో వెల్డింగు పెట్టిన పట్టీని ఎవరూ లాగి చూడలేదు. ఆ వెల్డింగు బాగుండవచ్చు. కానీ కోర్టులో 'బాగుంది' అని నిరూపించే కాగితం మీ దగ్గర ఒక్కటీ ఉండదు. నష్టపరిహారం కేసుల్లో మనిషిని నిలబెట్టేదీ కూలదోసేదీ ఆ కాగితమే.

ఇంకొకటి ఎయిర్‌బ్యాగు. సీటు కింద చెయ్యి పెట్టి చూస్తే వైర్ల కనెక్టర్లు తగులుతాయి. పసుపు రంగుది ఉంటే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగుదో బెల్టును బిగించే ప్రిటెన్షనర్‌దో అయి ఉంటుంది. 2019 జులై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ముందు ఇద్దరికీ బెల్టు పెట్టుకోమని హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. మీ కారు ఆ తర్వాతదే కాబట్టి ఇవి ఉంటాయి. పక్క సీట్లో మనిషి కూర్చున్నారని తెలుసుకునే సెన్సర్ చాలా కార్లలో సీటు మెత్త కిందే ఉంటుంది. వేరే కంపెనీ సీటు పెడితే ఆ వైర్లు కలవవు, డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు లైటు వెలుగుతుంది. దాన్ని ఆర్పడానికి కొందరు అక్కడ చిన్న రెసిస్టర్ (వైర్లు కలిసే ఉన్నాయని బండిని నమ్మించే విద్యుత్ భాగం) పెట్టేస్తారు. దయచేసి ఆ పని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. లైటు ఆరిపోతే బండి బాగుందని మీరూ, మీ తర్వాత ఆ బండి కొనుక్కున్నవారూ నమ్ముతారు. చట్టం దృష్టిలో కూడా తెలియక జరిగిన లోపం వేరు, లోపాన్ని దాచడం వేరు.

ఇక శిక్షల సంగతి. మోటారు వాహనాల చట్టంలోకి 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్, 4వ ఉపవిభాగం కింద, చట్టమూ నిబంధనలూ అనుమతించని తీరులో బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీ స్నేహితుడు చెప్పింది ఇదే. సీటు మార్చడమే నేరమని అందులో లేదు. మార్పు వల్ల బెల్టు, ఎయిర్‌బ్యాగు నిబంధనలు తప్పితే అప్పుడు అది మీకు వర్తింపజేయవచ్చు. రోడ్డు భద్రతా ప్రమాణాలు తప్పిన బండిని బయట తిప్పితే 190వ సెక్షన్, 2వ ఉపవిభాగం కింద మొదటిసారికి మూడు నెలల వరకు జైలు గానీ 10,000 వరకు జరిమానా గానీ రెండూ గానీ ఉన్నాయి, లైసెన్సుకు మూడు నెలలు అనర్హత కూడా. నిజానికి రోడ్డు మీద ఆపిన ఏ అధికారీ సీటు కింద వెల్డింగు వెతకడు. ఈ సెక్షన్లన్నీ బయటికి వచ్చేది ప్రమాదం జరిగాకే. సీటు ఊడి మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, నిర్లక్ష్యం వల్ల మరణం, అయిదేళ్ల వరకు జైలు. ఆ సీట్లో కూర్చోబోయేది మీ అమ్మగారు. శిక్ష మాట అలా ఉంచి ఆ ఒక్క కారణంతోనే వద్దంటున్నాను.

బీమా విషయం కొంచెం విడమరిచి చెప్పాలి, భయాలన్నీ ఇక్కడే కలగాపులగం అవుతాయి. మీ బండి వల్ల బయటివారికి హాని జరిగితే, కంపెనీ ఎగ్గొట్టడానికి చట్టం ఇచ్చిన సాకులు కొన్నే. అవి మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్‌లో ఉన్నాయి: లైసెన్సు లేకపోవడం, తాగి నడపడం, ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకోవడం వంటివి. సీటు మార్చడం ఆ జాబితాలో లేదు. కాబట్టి దారిన పోయేవారికి పరిహారం అందుతుంది. అయితే 'ముఖ్యమైన విషయం దాచడం' అన్నది గుర్తుపెట్టుకోండి. రెన్యువల్ ఫారంలో మార్పులున్నాయా అని అడిగిన చోట 'లేవు' అని టిక్కు పెడితే, లేని సాకును మీరే వాళ్ల చేతికి ఇచ్చినట్టు.

బండిలో కూర్చున్నవారి సంగతి వేరు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ కారులో ప్రయాణించేవారికి రక్షణ లేదు, ప్యాకేజీ పాలసీ (సొంత బండి నష్టాన్నీ కలిపి తీసుకునేది) ఉంటే ఉంది. 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టం చేసింది. మీది ఏ పాలసీయో ఈ రోజే చూసుకోండి, సీట్లతో సంబంధం లేకుండా.

మీ బండికి జరిగిన నష్టం విషయంలోనే కంపెనీలు గట్టిగా పట్టుకుంటాయి. బండిని సరైన స్థితిలో ఉంచాలన్న షరతు పాలసీలో ఉంటుంది. దాన్ని చూపించి సర్వేయరు (నష్టం అంచనా వేయడానికి బీమా కంపెనీ పంపే వ్యక్తి) అడ్డు రాయవచ్చు. ఆగి ఉన్న మీ బండిని వెనకనుంచి లారీ గుద్దితే, దానికీ ముందు సీట్లకూ సంబంధం ఏమిటని మీరు గట్టిగా అడగవచ్చు. షరతు తప్పినంత మాత్రాన మొత్తం క్లెయిము కొట్టేయకూడదని, నాన్ స్టాండర్డ్ పద్ధతిలో, అంటే కొంత కోత పెట్టి, 75 శాతం వరకు చెల్లించాలని సుప్రీంకోర్టు 2008లో నితిన్ ఖండేల్వాల్ కేసులో, 2010లో అమలేందు సాహూ కేసులో చెప్పింది. ఆ రెండూ సొంత కారును కిరాయికి తిప్పిన కేసులు, సీట్లవి కావు. అయినా ఆ సూత్రం మీ తరఫున వాదించడానికి పనికొస్తుంది. కంపెనీ వినకపోతే హైదరాబాదులో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఉన్నారు, అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కొత్త సీట్ల విలువ మాత్రం విడిగా చెప్పి పాలసీలో చేర్పించకపోతే రాదు.

సెకండ్ హ్యాండ్ సీట్లు కాబట్టి ఇంకో మాట. అవి ఏ బండిలోంచి వచ్చాయో బిల్లు మీద రాయించుకోకుండా ఎవరూ కొనకూడదు. దొంగ బండి విడిభాగమని తేలితే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద పోలీసులు మీ ఇంటికి వస్తారు. మీకు తెలియదని తేలితే శిక్ష పడదు. కానీ ఆ తేలేలోగా తిరగాల్సింది మీరే.

మరి అమ్మగారి సంగతి? మీ మోడల్‌లోనే పై వేరియంట్ సీటును, అదే సంవత్సరానిది, కంపెనీ సర్వీసు సెంటర్లో పెట్టించగలరేమో అడగండి. రెయిల్, బకిల్, వైర్లు ఒకే రకమైతే నాకు పెద్దగా అభ్యంతరం లేదు. జాబ్ కార్డులో పార్టు నంబరు రాయించుకుని, ఆ కాపీ జతచేసి బీమా కంపెనీకి ఒక మెయిలు పెట్టండి. అయితే డబ్బు కట్టేముందు ఒకటి చూసుకోండి: చాలా చిన్న కార్లలో ఎత్తు పెంచే లివరు పై వేరియంట్లో కూడా డ్రైవరు సీటుకే ఉంటుంది. అమ్మగారు కూర్చునేది ఎడమ సీట్లో కదా, అంత ఖర్చూ వృథా అవుతుంది. తలుపు గొళ్లెంలో దూర్చి పట్టుకుని లేచే చేతిపిడి, కూర్చుని కాళ్లు బయటికి తిప్పుకునే గుండ్రటి దిండు దొరుకుతున్నాయి. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దిండు మరీ మందంగా ఉండకూడదు, బెల్టు కింది పట్టీ పొట్ట మీదికి జరగకుండా తుంటి ఎముకల మీదే ఉండాలి.

అమ్మగారికి వైకల్యం సర్టిఫికెట్ ఉంటే ఇంకో దారి ఉంది. 2019 సవరణ తర్వాత 52వ సెక్షన్, 2వ ఉపవిభాగం కింద బండిని వికలాంగులకు అనువుగా మార్చి, ఆ తర్వాత ఆర్టీవో ఆమోదం తీసుకోవచ్చు. బయటికి తిరిగే సీటు అలా చట్టబద్ధంగా పెట్టించవచ్చు. కానీ ఆ బండిని ఆ వ్యక్తి గానీ, ఆ వ్యక్తి కోసం గానీ మాత్రమే వాడాలి. ఇంటిల్లిపాదీ వాడే కారుకు అది ఇబ్బందే. కారు మీద ఇంకా అప్పు ఉంటే బ్యాంకు రాతపూర్వక అంగీకారం కూడా ముందే తీసుకోండి.

మిగిలింది మీ 10 వేలు. పని మొదలుపెట్టలేదు కదా, ఈ రోజే వాట్సాప్‌లో రాయండి: 'సీటు బిగింపుకు, బెల్టు, ఎయిర్‌బ్యాగు పనితీరుకు రాతపూర్వక హామీ ఇవ్వండి, ఇవ్వలేకపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వండి.' ఫోన్లో కాదు, రాతలోనే. మీ కోసం ఆయన అప్పటికే ఖర్చు పెట్టి ఉంటే, బిల్లు చూపించినంత మేరకు తగ్గించుకోవడం న్యాయం. మిగతాది ఇవ్వాలి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. ఆయన షాపు విజయవాడలో ఉన్నా, మీరుండే గుంటూరులోనే కేసు వేయవచ్చు. అడ్వాన్సు చెల్లించిన యూపీఐ రసీదు, సీట్ల ఫొటోలు, ఆ వాట్సాప్ సందేశం తీసిపెట్టుకోండి.