ప్రోగ్రామింగ్ భాషల సిద్ధాంతంలో పీహెచ్‌డీ: బతుకుతెరువు ఉందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అబ్బాయి బరంపురంలో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వద్దట, ప్రోగ్రామింగ్ భాషల సిద్ధాంతంలో పీహెచ్‌డీ చేసి పాఠాలు చెబుతాడట. పంపమంటారా?

జవాబు: పంపొచ్చండీ. కాకపోతే ముందు ఒకటి తేల్చుకోవాలి. పైథాన్, జావా, రస్ట్ అన్నీ వచ్చేస్తే ఈ సిద్ధాంతం వచ్చినట్టు కాదు. ప్రోగ్రాం నడవకముందే దాని గురించి ఏం రుజువు చేయగలమన్నదే ఇక్కడ అసలు పని. సగానికి పైగా తర్కమే. అబ్బాయికి అది పడుతుందో లేదో ఈ సెలవుల్లోనే తెలిసిపోతుంది.

ఓకామెల్ భాషలో లాంబ్డా కాల్‌క్యులస్‌కి (అన్నీ ఫంక్షన్లతోనే నడిచే చిట్టి భాష) చిన్న ఇంటర్‌ప్రెటర్, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాం, విలువల రకాలు కుదిరాయో లేదో నడవకముందే చూసే టైప్ చెకర్ రాయమనండి. కొన్ని వందల వరుసలు, అంతే. చాలామంది బోర్లా పడేది పేరు బదులు విలువ పెట్టే చోట. ‘లాంబ్డా ఎక్స్. లాంబ్డా వై. ఎక్స్’ అంటే ముందు ఎక్స్, తర్వాత వై తీసుకుని ఎక్స్‌నే తిరిగిచ్చే ఫంక్షన్. దానికి ఎక్స్‌గా బయటి వైని ఇచ్చి, ఎక్స్ ఉన్నచోట గుడ్డిగా పెట్టేస్తే ‘లాంబ్డా వై. వై’ అయి కూర్చుంటుంది. ఏమిచ్చినా బయటి వైనే చెప్పాల్సిన ఫంక్షన్, ఇచ్చింది తిరిగిచ్చేదిగా మారిపోయింది! లోపలి పేరును ముందే జెడ్ అని మార్చుకోవాలి. తర్వాత, టైప్ కుదిరిన ప్రోగ్రాం మధ్యలో ఇరుక్కుపోదని కాగితం మీద రుజువు చేసి, అదే లీన్‌లో, అంటే రుజువులను సరిచూసే సాఫ్ట్‌వేర్‌లో రాయాలి. ‘ఇది తెలిసిందేగా’ అని కాగితం మీద దాటేసిన మెట్టును లీన్ దాటనివ్వదు. ఆ విసుగు ఓర్చుకున్నవాడికే ఈ దారి.

గేట్‌లో కంపైలర్లు, ఆటోమాటా, డిస్క్రీట్ గణితం ఉన్నాయి గానీ ఈ సిద్ధాంతం దాదాపు లేదు. గేట్ తలుపు తీస్తుంది, ఇంటర్వ్యూలో అడిగితే చూపించడానికి ఆ టైప్ చెకర్ ఉండాలి. ఐఐటీ మద్రాస్, ఐఐటీ బాంబే, ఐఐఎస్సీ చూడండి. ముందు ఎమ్మెస్సీ అనుకుంటే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్. పలాసలో బండెక్కితే సరి. సంస్థ పేరు చూసి చేరి, గైడ్ మెషీన్ లర్నింగ్ మనిషని తర్వాత తెలుసుకోవడమే పెద్ద పొరపాటు. గత మూడేళ్లలో ఆ గైడ్ పరిశోధన పేపర్లు ఈ రంగంలో పేరున్న పాపుల్, పీఎల్‌డీఐ సదస్సుల్లో వచ్చాయో లేదో చూసుకోవాలి.

ఫెలోషిప్ సాధారణంగా మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000. పూర్తయ్యేసరికి అయిదేళ్లు దాటొచ్చు, ఇంటి నుంచి డబ్బు అడగడు గానీ పంపలేడు కూడా. ఇక పాఠాలు చెప్పడమంటారా, పెద్ద సంస్థల బయట ఈ సిద్ధాంతం విడి సబ్జెక్టుగా ఉండటం అరుదు. కంపైలర్లు, సీ ల్యాబ్ చెప్పాల్సిందే.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా ఆ టైప్ చెకర్‌నే పెట్టుకోమనండి. కాలేజీలో అదేమిటంటే ‘కంపైలర్ ముందు భాగం’ అని రాసుకోవచ్చు, అబద్ధమేం కాదు.