ఫలితం పాఠశాలది, వివరాలు పిల్లలవి: మల్టీలెవెల్ మోడలింగ్ నేర్చుకోవాలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. 40 పాఠశాలల్లో ఇరవై మంది చొప్పున పిల్లల హాజరు వివరాలు సేకరించాను. ఏ పాఠశాలలో టీచర్ల ఖాళీలు ఎక్కువో వాటితో అంచనా వేయాలి. మా గైడ్ మల్టీలెవెల్ మోడలింగ్ (పిల్లలు, వారి పాఠశాలలు వంటి వేర్వేరు స్థాయుల వివరాలను కలిపి విశ్లేషించే పద్ధతి) నేర్చుకోమంటున్నారు. స్నేహితులందరూ మెషిన్ లెర్నింగ్ వైపు వెళ్తున్నారు. దీనితో ఉద్యోగం వస్తుందా?

జవాబు: నేర్చుకోండి. అయితే పాఠ్యపుస్తకాల్లోని మామూలు రెండంచెల మోడల్ మీ ప్రాజెక్టుకు అతకదు. అక్కడ ఫలితం కింది స్థాయిలో, అంటే పిల్లల మార్కుల రూపంలో ఉంటుంది. మీది తలకిందులు. ఖాళీల శాతాన్ని ప్రతి విద్యార్థి వరుసలోనూ నింపి, నా దగ్గర 800 పరిశీలనలున్నాయని అనుకోకండి. ఫలితాలు నలభయ్యే. ఈ పొరపాటు అచ్చయిన పరిశోధనల్లోనూ కనిపిస్తుంది!

మరి ఒక్కో పాఠశాల సగటు హాజరు తీసి, దానితో ఖాళీలను అంచనా వేసే రిగ్రెషన్ చేస్తే? మొదటి అడుగుగా మంచిదే. కానీ ఇరవై మందితో తీసిన సగటు ఆ పాఠశాల అసలు సగటు కాదు. ఆ తేడా వల్ల సంబంధం ఉన్నదానికంటే బలహీనంగా కనిపిస్తుంది. క్రూన్, వాన్ వెల్డ్‌హోవెన్ అనే పరిశోధకులు 2007లో ఈ సగటును సరిదిద్ది వాడే పద్ధతి చూపించారు. మీరు చదవాల్సింది అదే.

పై స్థాయిలో కనిపించే సంబంధం కింది స్థాయిలో తిరగబడవచ్చు. అందుకే ఇంటర్వ్యూ నేను చేస్తే దాన్ని చూపిన పరిశోధకుడు రాబిన్సన్ గురించి అడుగుతాను. అమెరికా 1930 జనగణన లెక్కలతో 1950లో ఆయన చూపింది ఇది: విదేశాల్లో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ, మనిషి మనిషినీ చూస్తే మాత్రం నిరక్షరాస్యత వారిలోనే ఎక్కువ. వలస వచ్చినవారు అక్షరాస్యత బాగా ఉన్న రాష్ట్రాల్లో స్థిరపడటమే కారణం.

ఇక ఉద్యోగం. ప్రకటనల్లో ‘మల్టీలెవెల్’ అని కాకుండా, ఇలాంటి మోడళ్లకే ఉన్న మరో పేరు ‘మిక్స్‌డ్ మోడల్స్’ అని వెతకండి. క్లినికల్ ట్రయల్స్‌లో ఒకే రోగిని పలుమార్లు పరీక్షిస్తారు. ఆ కొలతలు కింది స్థాయి, రోగి పై స్థాయి. హైదరాబాద్ ఔషధ రంగంలో ఈ పని ఉంది, శాస్ (SAS) అనే గణాంక సాఫ్ట్‌వేర్ తెలిసి ఉండాలి. ప్రజారోగ్యం ఇష్టమైతే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేతో సాధన చేయండి: మనుషులు, ఇళ్లు, ఊళ్లు, జిల్లాలు అన్నీ అందులోనే ఉన్నాయి. మెషిన్ లెర్నింగ్ తర్వాత నేర్చుకున్నా కొంపలేమీ మునగవు.

ఈలోగా 800 వరుసల తప్పు లెక్క, మామూలు సగటు, సరిదిద్దిన సగటు, మూడింటి అంచనాలనూ స్టాండర్డ్ ఎర్రర్లతో (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలతలతో) ఒకే పట్టికలో పెట్టండి. ఇంటర్వ్యూకు ఆ పట్టిక తీసుకెళ్లండి.